నిరుద్యోగ నివారణకు ఒక బస్సు టికెట్టు

నిరుద్యోగం తగ్గించమంటే మన దగ్గర ముందుగా ఒక కమిటీ వేస్తారు. కమిటీ రిపోర్టు ఇస్తుంది, ఆ రిపోర్టును పరిశీలించడానికి ఇంకో కమిటీ కూర్చుంటుంది, ఈలోగా నియామక పరీక్ష పేపరు లీకై కేసు కోర్టుకెక్కుతుంది. ఇంత ప్రయాస దేనికో ఈ వ్యాసకర్తకు బొత్తిగా అర్థం కాదు. యూరప్‌కు ఆగ్నేయ మూలనున్న బాల్కన్ దేశాలు ఈ సమస్యను ఎప్పుడో తేల్చిపారేశాయి. ఫ్యాక్టరీ పెట్టనక్కర్లేదు, నోటిఫికేషన్ ఇవ్వనక్కర్లేదు. ఒక బస్సు ఉండాలి, అది జర్మనీలోని మ్యూనిక్ వైపు వెళ్లాలి. అంతే.

అనుమానం ఉన్నవారు ఐదో తరగతి లెక్క ఒకటి చేసి చూడండి. పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి వందమంది. అందులో ఇరవైమందికి పని లేదు. నిరుద్యోగం 20 శాతం. ఆ ఇరవైమందిలో పదిహేనుమంది బస్సెక్కారు. మిగిలింది ఎనభై అయిదుమంది, పని లేనివాళ్లు అయిదుగురు. నిరుద్యోగం ఆరు శాతం లోపే! ఒక్క కొత్త ఉద్యోగం పుట్టకుండా ఇంత ప్రగతి సాధించిన ప్రభుత్వానికి పూలదండ వెయ్యడానికి కూడా ఊళ్లో మనిషి దొరకడు కానీ, గణాంకం మాత్రం గణాంకమే.

క్రొయేషియా 2013 జూలైలో యూరోపియన్ యూనియన్‌లో చేరింది. మరుసటి ఏడు అక్కడ నిరుద్యోగం 17 శాతం. పదేళ్లు తిరిగేసరికి 5 శాతానికి దిగింది. ఈ మధ్యలో పర్యాటకం పెరగలేదని, పెట్టుబడులు రాలేదని ఎవరూ అనడం లేదు, వచ్చాయి. కానీ 2011 జనాభా లెక్కల్లో 42 లక్షల 80 వేలున్న దేశం 2021లో 38 లక్షల 70 వేలకు ఎలా చేరిందన్నది ప్రగతి నివేదికల్లో కాస్త చిన్న అక్షరాల్లో ఉంటుంది. తూర్పున స్లవోనియా పల్లెల నుంచి జర్మనీకి, ఐర్లండ్‌కు కుటుంబాలకు కుటుంబాలే తాళాలేసుకుని వెళ్లిపోయాయి. బల్గేరియాది ఇంకా పెద్ద విజయం. కమ్యూనిస్టు పాలన ముగిసేనాటికి 90 లక్షల దాకా ఉన్న జనాభా 2021 నాటికి 65 లక్షలు. అందులో కొంత వాటా యమధర్మరాజుది, పుట్టేవాళ్లకన్నా పోయేవాళ్లు ఎక్కువ. మిగతాది బస్సు కంపెనీలది. 2025 మొదట్లో బల్గేరియాలో కనీస వేతనం నెలకు 551 యూరోలు, యూనియన్ మొత్తంలో అదే అట్టడుగు. జర్మనీలో అది 2,100 దాటింది. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి అక్కడి కుర్రాడికి ఏ కన్సల్టెన్సీ అక్కర్లేదు.

జనం తగ్గుతున్నారన్న దిగులు పాలకులకు లేదనుకుంటే పొరపాటు. స్కోప్యే నగరం సంగతి చూడండి. ఉత్తర మాసిడోనియా రాజధాని. 2010లో అక్కడ నిరుద్యోగం 30 శాతం పైమాటే, యువతలో సగంమందికి పైగా పని లేదు. అప్పటి ప్రభుత్వం దీర్ఘంగా ఆలోచించి విగ్రహాలు పెట్టాలని నిర్ణయించింది. ఒకటీ అరా కాదు. రాజులు, మతగురువులు, విప్లవవీరులు, సింహాలు, నది ఒడ్డున కొత్త భవనాలకు ప్రాచీన గ్రీకు తరహా స్తంభాలు. నడిబొడ్డున ఎత్తైన పీఠం మీద గుర్రమెక్కి కత్తి దూసిన కంచు యోధుడు. చూసిన ప్రతివాడికీ ఆయన అలెగ్జాండరని తెలుసు, కానీ అలెగ్జాండర్ మావాడే అనే పక్కనున్న గ్రీసుకు కోపం వస్తుందని అధికారిక నామం 'గుర్రంపై యోధుడు' అని పెట్టారు. మొత్తం ఖర్చు 60 కోట్ల యూరోలు దాటిందని తర్వాత పత్రికలవాళ్లు లెక్క తీశారు. 2016లో జనం ఆ భవనాల మీద రంగులు విసిరి మరీ తమ అభిమానం చాటుకున్నారు.

దీన్ని దుబారా అన్నవాళ్లకు దూరదృష్టి లేదు. కంచు మనిషికి వీసా రాదు. జీతం అడగడు. జర్మన్ భాష నేర్చుకోడు. ఎన్నేళ్లయినా ఉన్నచోటే ఉంటాడు, చదువు చెప్పించి ఎగుమతి చేసే ఖర్చు లేదు. తలసరి విగ్రహాల లెక్కన స్కోప్యేను ఏ ఐరోపా రాజధానీ దాటలేదని ఈ వ్యాసకర్త గట్టి నమ్మకం, లెక్కపెట్టలేదు గానీ. లెక్కపెట్టడం అన్నది ఆ దేశంలో మొదటినుంచీ కాస్త ఇబ్బందే. 2011లో జనాభా లెక్కలు మొదలుపెట్టి, ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్న గొడవలో మధ్యలోనే ఆపేశారు. విదేశాల్లో ఉన్న అల్బేనియన్ మైనారిటీవాళ్లను కలపాలా వద్దా అని. పదేళ్లకు, 2021లో లెక్క పూర్తిచేస్తే తేలింది 18 లక్షల 40 వేలు. అంతకుముందు 2002లో 20 లక్షల పైచిలుకు.

బోస్నియాలో మాత్రం ఉపాధి హామీ పథకం ఒకటి బ్రహ్మాండంగా నడుస్తోంది. అక్కడి యుద్ధాన్ని ఆపిన 1995 డేటన్ ఒప్పందం పుణ్యమా అని ఆ బుల్లి దేశానికి కేంద్ర ప్రభుత్వం ఒకటి, రెండు విభాగాలకు రెండు, అందులో ఒక విభాగంలో కాంటన్లనే పది చిన్న ప్రాంతాలకు పది, బర్చ్‌కో జిల్లాకు ఒకటి, వెరసి పద్నాలుగు ప్రభుత్వాలు. 2013లో లెక్కబెట్టిన జనాభా 35 లక్షలు, మన పాత ఉమ్మడి జిల్లా ఒకదాని పాటి. ప్రతి ప్రభుత్వానికీ మంత్రులు, మంత్రులకు సలహాదారులు, సలహాదారులకు డ్రైవర్లు. పార్టీ కార్డుండి, లోపల మనవాడు ఒకడుంటే కొలువు గ్యారంటీ. లేనివాడికీ దారి ఉంది, అది రాజధాని సరయెవో బస్టాండులో మొదలవుతుంది.

జర్మనీ కూడా ఈ మహాయజ్ఞంలో తన వంతు సమిధలు వేసింది. 2016 నుంచి పశ్చిమ బాల్కన్ దేశాలకు ఒక ప్రత్యేక నిబంధన పెట్టింది. అల్బేనియా, బోస్నియా, కొసోవో, మాంటెనెగ్రో, ఉత్తర మాసిడోనియా, సెర్బియా పౌరులకు జర్మనీలో పనిస్తానన్న యజమాని ఉంటే చాలు, డిగ్రీలూ డిప్లొమాలూ చూపించనక్కర్లేదు. తర్వాత ఏటా 25 వేలమంది అని హద్దు పెట్టారు, 2024లో దాన్ని 50 వేలు చేశారు, 2025లో వచ్చిన కొత్త ప్రభుత్వం మళ్లీ తగ్గిస్తామంది. చాలాచోట్ల ఎంబసీలో అపాయింట్‌మెంట్‌కు లాటరీ తీస్తారు. యూనియన్‌లో చేర్చుకుంటామని ఈ దేశాలకు 2003లో థెస్సలొనీకి సదస్సులో మాటిచ్చారు. అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు ఇరవై దాటాయి. దేశం చేరేదాకా ఆగడమెందుకని మనిషి మనిషే విడివిడిగా చేరిపోతున్నారు.

2020 ఏప్రిల్ 9 నాటి ముచ్చట ఒకటి చెప్పాలి. రొమేనియాలో కరోనా లాక్‌డౌన్. ఇంట్లోంచి అడుగు బయటపెట్టాలంటే ఎందుకు వెళ్తున్నామో సొంత పూచీ మీద కాగితం రాసి జేబులో పెట్టుకోవాలి. అటువంటి రోజున క్లూజ్ విమానాశ్రయం పార్కింగులో 1,800 మందికి పైగా జనం ఒకరిమీద ఒకరు పడుతూ నిలబడ్డారు. దేశం నలుమూలల నుంచి బస్సుల్లో తెచ్చి దింపారు. ఎటువైపు? జర్మనీకి. ఎందుకు? ఆస్పరాగస్ పీకడానికి. మన శతావరికి చుట్టమైన ఆ మొక్క పిలకలు తెల్లగా ఉండగానే, మట్టిలోంచి తల బయటపెట్టకముందే, నడుం వంచి ఒక్కొక్కటీ చేత్తో తవ్వి కొయ్యాలి. ఏప్రిల్‌లో మొదలై జూన్ 24తో సీజన్ సరి. ఆ రెండు నెలలూ జర్మన్లకు అది తినకపోతే వసంతం వచ్చినట్టే ఉండదు. సరిహద్దులు మూసేసిన జర్మనీ ఏప్రిల్, మే నెలలకు 80 వేలమంది కూలీలకు ప్రత్యేకంగా తలుపు తీసింది. వైరస్ సంగతేమిటంటారా? వచ్చినవాళ్లను పద్నాలుగు రోజులు విడిగా ఉంచారు, విడిగా ఉంచినప్పుడు కూడా పొలంలో పనిచెయ్యనిచ్చారు. క్వారంటైన్‌కు ఇంతకన్నా ఉత్పాదకమైన నిర్వచనం ప్రపంచంలో ఎవరూ ఇవ్వలేదు.

ఇదే క్లూజ్ రొమేనియా సాఫ్ట్‌వేర్ రంగానికి పెద్ద కేంద్రం. ప్రోగ్రామర్లు దేశం వదిలి పోకూడదని 2001 నుంచి వాళ్ల జీతాల మీద ఆదాయపు పన్ను ఎత్తేశారు, 2025 దాకా ఆ మర్యాద నడిచింది. పార్కింగులో నిలబడ్డవాళ్లను ఆపడానికి ఎవరికీ ఏ రాయితీ తోచలేదు. వాళ్ల పెళ్లాల సంగతి సరేసరి, చాలామంది ఇటలీలో ముసలివాళ్లకు సేవ చేస్తూ వాళ్ల ఇళ్లలోనే ఉంటారు. తిరిగొచ్చిన ఆడవాళ్లలో నిద్రలేమి, దిగులు చూసి వైద్యులు దానికి ఏకంగా 'ఇటలీ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. రోగానికి కూడా విదేశీ బ్రాండే.

పోయినవాళ్ల స్థానంలో ఎవరైనా రావాలి కదా, రొట్టెలు ఎవరు కాల్చాలి? 2020 జనవరిలో రొమేనియాలోని దిత్రావు అనే ఊళ్లో ఒక బేకరీ యజమాని, ఆ జీతానికి స్థానికులెవరూ రావడం లేదని శ్రీలంక నుంచి ఇద్దరిని పనికి తెచ్చుకున్నాడు. ఇద్దరంటే ఇద్దరే. ఊరంతా సమావేశమై, ఆ చేతులతో చేసిన రొట్టె ముట్టమని, వాళ్లను పంపించెయ్యమని సంతకాలు పెట్టింది. విశేషమేమిటంటే ఆ ఊరివాళ్లు హంగేరియన్ భాష మాట్లాడే మైనారిటీలు, ఆ ప్రాంతం మగవాళ్లలో ఎందరో హంగేరీ, ఆస్ట్రియా, జర్మనీలకు కూలికి పోయినవాళ్లే. పరాయి ఊళ్లో మనం చేస్తే అది కష్టపడి బతకడం, మన ఊళ్లో పరాయివాడు చేస్తే అది సంస్కృతికి ముప్పు. ఈ సిద్ధాంతం బాల్కన్ పేటెంటు కాదని పాఠకులకు చెప్పనక్కర్లేదు. దిత్రావు అభ్యంతరం అలా ఉండగానే, ప్రభుత్వం 2022 నుంచి 2025 దాకా ఏటా లక్షమంది విదేశీ కార్మికులకు కోటా ప్రకటించుకుంటూ పోయింది.

గ్రీసు దారి వేరు. 2013లో అక్కడ నాలుగోవంతు మందికి పైగా పని లేదు, చదువుకున్న కుర్రకారు లక్షల్లో బయటికి పోయారు. ఇప్పుడు మనుషులు చాలక, ఉన్నవాళ్లనే సాగదీస్తున్నారు. 2024లో కొన్ని పరిశ్రమలకు వారానికి ఆరు రోజుల పని, 2025లో రోజుకు పదమూడు గంటల దాకా ఒకే యజమాని దగ్గర పనిచేసే వీలు, అదనపు గంటలకు 40 శాతం ఎక్కువ కూలి. మొదట మనిషికి పని లేదు, ఇప్పుడు మనిషికి ఒకటిన్నర మనిషి పని.

అల్బేనియా మరీ ఆధునికం. 2011లో 28 లక్షలున్న జనం 2023కి 24 లక్షలయ్యారు. వైద్య విద్యార్థులు పట్టా చేతికి రాగానే జర్మనీ విమానం ఎక్కుతున్నారని, కొన్నేళ్లు స్వదేశంలో పనిచేసి తీరాలని చట్టం చేసుకున్నారు. 2025 సెప్టెంబరులో ప్రధాని ఎడీ రామా మంత్రివర్గంలోకి డియెల్లా అనే కంప్యూటర్ ప్రోగ్రామును తీసుకున్నారు, ప్రభుత్వ టెండర్ల వ్యవహారం చూడ్డానికి. తెరమీద జాతీయ దుస్తుల్లో ముచ్చటగా ఉంటుంది. లంచం తీసుకోదట. రెండు నెలలు తిరక్కుండానే డియెల్లా 83 మంది బిడ్డలతో గర్భవతి అని ఆయనే సెలవిచ్చారు, పార్టీ ఎంపీకి ఒకటి చొప్పున సహాయక ప్రోగ్రాములట. జనాభా తగ్గుతున్న దేశంలో ప్రసవాల గురించి ఇంత శుభవార్త ఈ మధ్య వినలేదు. మన చంద్రబాబు గారు ఎక్కువమంది పిల్లల్ని కనమని చెప్పి, ఇద్దరికి మించితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన ఎత్తేయించారు గానీ, ఈ మార్గం ఆయనకు తట్టినట్టు లేదు. హైటెక్ సిటీ కట్టినాయనకే తట్టలేదంటే ఆశ్చర్యమే.

కొసోవోలో జూలై, ఆగస్టు నెలల్లో చూడాలి. రాజధాని ప్రిష్టీనా రోడ్ల మీద స్విస్, జర్మన్ నంబరు ప్లేట్ల కార్లు, సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో హైదరాబాద్ కార్లు బారులు తీరినట్టే. ఫంక్షన్ హాళ్లన్నీ బుక్కవుతాయి, ఏడాదంతా ఆపుకున్న పెళ్లిళ్లన్నీ ఆ ఆరు వారాల్లోనే. బయటున్నవాళ్లు పంపే డబ్బు ఏటా వంద కోట్ల యూరోలకు పైనే. దీన్ని పరిశ్రమ అనకపోతే ఏమనాలి? ముడిసరుకు సొంతం, ఫ్యాక్టరీ పరాయివాడిది, కాలుష్యం సున్నా. గల్ఫ్ డబ్బుతో మేడలు లేచిన జగిత్యాల, నిజామాబాద్ పల్లెలకు ఈ వ్యాపారం లోగుట్టు ఒకరు చెప్పాలా!

మళ్లీ క్రొయేషియాకొద్దాం, అక్కడ కథ ముదిరింది. పోయినవాళ్లను రప్పించడానికి 'క్రొయేషియానే ఎంచుకుంటాను' అని ఒక పథకం పెట్టారు, తిరిగొచ్చి వ్యాపారం పెట్టుకుంటే 2 లక్షల కూనాల దాకా సాయం. అది మొదలైన ఏడాదికే కూనా పోయి యూరో వచ్చింది. 2025 నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఐదేళ్లు ఆదాయపు పన్ను లేదన్నారు. ఈలోపు 2024లో విదేశీయులకు ఇచ్చిన వర్క్ పర్మిట్లు 2 లక్షలు దాటాయి. బోస్నియా, నేపాల్, సెర్బియా, ఇండియా, ఫిలిప్పీన్స్ వాళ్లవే ఎక్కువ. రాజధాని జాగ్రెబ్‌లో పిజ్జా తెచ్చే కుర్రాడు నేపాలీ. ఏడ్రియాటిక్ తీరాన హోటల్లో పరుపులు సర్దేది ఫిలిప్పీన్స్ అమ్మాయి. అదే హోటల్లో దిగిన జర్మన్ పెద్దాయనను ఊళ్లో చూసుకునే నర్సు క్రొయేషియా పిల్ల అయివుంటుంది. అందరూ తలా వెయ్యి కిలోమీటర్లు ముందుకు జరిగారు, అంతే.

ఏజెంట్లకు మాత్రం ఎక్కడా నష్టం లేదు. ఖాట్మండూలో అయినా, మన దగ్గర అయినా 'యూరప్ వర్క్ పర్మిట్' బోర్డు కింద కూర్చున్నవాడు లక్షల్లోనే మాట్లాడతాడు. పోయేవాడు అప్పు చేసి కడతాడు. కట్టిన అప్పు తీరాలంటే జాగ్రెబ్ జీతం చాలదని అక్కడ దిగాకే తెలుస్తుంది. 2023 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల కూటమిలో ఉంది, స్లొవేనియా సరిహద్దులో చెక్‌పోస్టు ఎత్తేశారు, తర్వాత తాత్కాలిక తనిఖీలు మళ్లీ పెట్టినా. అందుకని ఇప్పుడు అక్కడి యజమానుల గోల ఏమిటంటే, ఇంత తంటాలు పడి, టికెట్టు పెట్టి తెప్పించుకున్న నేపాలీ కుర్రాడు నాలుగు నెలలు తిరక్కుండా చెప్పాపెట్టకుండా జర్మనీ వైపు జారుకుంటున్నాడట.

పాపం, వాళ్ల బాధ వాళ్లది. కానీ ఆ కుర్రాడు పోయినందువల్ల క్రొయేషియా నిరుద్యోగం ఒక్క పాయింటు కూడా పెరగలేదని గమనించాలి.