పాత ఆట, కొత్త కంప్యూటరు, నా తిప్పలు

విజయనగరం ఎండకు బయట అడుగు పెట్టలేక, 1990 నాటి ‘ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ అనే సముద్రపు దొంగల కంప్యూటరు ఆట ఆడుకుందామని కూర్చుంటే, ముందుగా ఎదురయ్యేది సముద్రపు దొంగలు కారు, ఈ ప్రోగ్రాము మీ కంప్యూటరులో నడవదన్న సందేశం. 64 బిట్ విండోస్‌కు డాస్ అనే పాత వ్యవస్థ కోసం రాసిన 16 బిట్ ప్రోగ్రాములను నడిపే ఏర్పాటు లేదు కనుక, ఆ పాత కంప్యూటరును అనుకరించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామును ఆశ్రయించాలి; దానిని ఉచితంగా అందించిన ఔత్సాహికులకు దండం పెట్టవచ్చు గాని, ఆట ఏ ఫోల్డరులో ఉందో చెప్పే మౌంట్ ఆదేశాలు, శబ్దం కోసం సౌండ్ కార్డు అంకెలు, వేగం కోసం సైకిల్స్ లెక్కలు కుదిర్చేసరికి ఆడాలన్న మోజు సగం చచ్చిపోతుంది.

అసలు కడుపుమంట బొమ్మ విషయంలో. అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలతో, 4:3 తెర కోసం గీసిన చిత్రాన్ని 16:9 తెర నిండా సాగదీస్తే, మనుషులందరూ రోడ్డు రోలరు కింద పడి లేచినట్టు కనిపిస్తారు. “తెర నిండింది కదా మావయ్యా, ఇంకేటి కావాల?” అంటాడు మా మేనల్లుడు. వాడితో వాదించడం వృథా.

ఇన్నీ సరిచేశాక, మనది దొంగ నకలు కాదని రుజువుగా, ఆట పెట్టెతో పాటు ఇచ్చిన అట్టచక్రం మీద సముద్రపు దొంగ ముఖం కుదిర్చి, వాడిని ఉరితీసిన సంవత్సరం చెప్పమంటుంది ఆ ఫ్లాపీల నాటి ఆట. డబ్బు పెట్టి కొన్నవాడి దగ్గరైనా ఇన్నేళ్లకు ఆ అట్టముక్క మిగులుతుందా?