సౌండ్ బాక్సుకి ప్లగ్గు కావాలని ఆ పిల్ల పనిని ఆపేశారు

ఇప్పుడే ఇంటికొచ్చాను. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఇది రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. పొడుగైనా చదవండి.

మన వైజాగ్‌లోనే ఒక హాల్లో కుర్ర ఆర్టిస్టులు కొంతమంది కలిసి ఎగ్జిబిషన్ పెట్టుకున్నారు. హాలు పేరు చెప్పను, ఇంకోసారి ఆ పిల్లలకి అద్దెకివ్వకపోతే ఆ పాపం నాకొద్దు. తలా కొంత వేసుకుని అద్దె కట్టుకున్నారు. బల్లలు వాళ్ళే మోసుకున్నారు, మేకులు వాళ్ళే కొట్టుకున్నారు.

అందులో ఒక అమ్మాయి ఉంది, మల్కాపురం వైపు పిల్ల. రోజూ పొద్దున్నే వాళ్ళ డాబా పిట్టగోడని తడి తెల్లగుడ్డ ముక్కతో తుడిచి, ఆరబెట్టి, మూల మీద పెన్సిల్‌తో తేదీ వేసి దాచుకుందట. ఆ ముక్కలన్నీ తాడుకి క్లిప్పులు పెట్టి హాల్లో వరసగా వేలాడదీసింది. కొన్ని లేత బూడిద రంగు, కొన్ని మసి నలుపు. వాన పడిన మర్నాటివి మాత్రం దాదాపు తెలుపే. వాటి కింద బల్ల మీద చిన్న యంత్రం. అగ్గిపెట్టెంత సెన్సర్. లోపల బుల్లి ఫ్యాను గాలిని లాగుతుంది, ఆ గాలిలోని నలకల మీద లేజర్ కాంతి పడి చెదురుతుంది. ఎంత చెదిరితే అంత దుమ్మున్నట్టు లెక్క. 2.5 మైక్రాన్ల కన్నా సన్నటి నలకలవి, మన తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ఆ లెక్క ఆర్డినో అనే బుల్లి కంప్యూటర్ బోర్డుకి వెళ్తుంది, బోర్డు మోటారుని తిప్పుతుంది, మోటారుకి కట్టిన బొగ్గుపుల్ల మెల్లగా జరిగే కాగితం మీద గీత గీస్తుంది. గాలి బాగుంటే గీత తిన్నగా సాగుతుంది, బాగోకపోతే వణుకుతుంది. అంతే ఆ పని. ఇంతకంటే వివరించాల్సిన అవసరం కూడా లేదు, నిలబడి చూస్తే చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది.

ప్రారంభోత్సవానికి సరస్వతీదేవి పటం ముందు అగరుబత్తులు వెలిగించారు. పొగ అటువైపు తిరగ్గానే బొగ్గుపుల్ల కాగితం మీద అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. నిజం చెప్తున్నా, నాకు ఒళ్ళు జలదరించింది. గదిలో అంతమందిమి పీలుస్తున్నాం, ఒక్కరికీ తెలీదు, ఆ పుల్లకి తెలిసింది. ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. పక్కనున్న స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు హాలు నిర్వాహకుల్లో ఒకాయన వచ్చాడు. "ఏంటమ్మా ఈ టకటకలు, సార్ మాట్లాడతారు" అని ప్లగ్గు పీకేసి, అదే సాకెట్లో సౌండ్ బాక్సు పెట్టాడు. అడగలేదు. ఆ పిల్ల మొహం వైపు చూడను కూడా చూడలేదు. ఫ్యాను రెక్క పట్టి ఆపినంత మామూలుగా ఆపేశాడు. ఆ పిల్ల ఏమందో తెలుసా? "సార్, స్పీచ్ అయ్యాక పెట్టుకోవచ్చా?" తను అద్దె కట్టిన హాల్లో, తను చేసిన పనికి, తనే పర్మిషన్ అడుక్కుంది. స్పీచ్ అయ్యాక సన్మానం, సన్మానం అయ్యాక పాటలు. నేను వచ్చేసేదాకా ఆ సాకెట్లో సౌండ్ బాక్సే ఉంది.

ఇంతకీ ఆ స్పీచ్. కళ అంటే మనసుకి హాయినివ్వాలట. ఈ వైర్లూ మోటార్లూ మన సంప్రదాయం కాదట. ఇందులో బొమ్మ ఏదీ అని అడిగి ఆయనే నవ్వాడు, ముందు వరస కూడా నవ్వింది. సంప్రదాయం గురించి మాట్లాడేవాళ్ళు ఒక్కసారి రాజమండ్రి వెళ్ళి చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూసి రండి. 1925లో పోయాడాయన, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే, మశూచితో. బొంబాయి వెళ్ళి చదువుకొచ్చి, ఆ రోజుల్లో ఇక్కడెవరూ గీయనట్టు గీశాడు. ఇవాళ మనం సంప్రదాయం అంటున్నదంతా ఒకప్పుడు ఎవరో కుర్రాడు కొత్తగా చేసిందే.

ఏటికొప్పాక సంగతి చూడండి. మన పక్కనే. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ లక్క పట్టిస్తారు. చెట్ల నుంచి తీసిన రంగులు వాడతారు. 2017లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగాయి ఆ బొమ్మలు. తరిణె యంత్రం కాదా? చెట్టూ యంత్రమూ మనిషి చెయ్యీ కలిస్తేనే ఆ బొమ్మ. దాన్ని వేదికల మీద పొగిడేవాళ్ళకి ఈ పిల్ల మోటారు మాత్రం ఎందుకు కంటగింపు?

పైగా ఇది ఏ ఊరు? 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్మేసి పన్నెండు మంది ప్రాణాలు పోయిన ఊరు. రోడ్ల మీద జనం నడుస్తూ నడుస్తూ కూలిపోవడం దేశమంతా టీవీల్లో చూసింది. బొగ్గు దుమ్ము గురించి వన్‌టౌన్‌లో ఏ ఇల్లాలినైనా అడగండి, ఆరేసిన తెల్ల చీర ఎత్తి చూపిస్తుంది. కంటికి కనపడని గాలిని కనపడేట్టు చెయ్యడం ఈ ఊళ్ళో పుట్టిన ఆర్టిస్టు కాకపోతే ఇంకెవరు చేస్తారు? ఆ గాలిని పీలుస్తూ పెరిగిన పిల్ల చేసింది. మనం ప్లగ్గు పీకాం.

ఇంకో కుర్రాడి పని చెప్తాను, అది ఇంకా మండించింది నన్ను. జాలరిపేట కుర్రాడు. వాళ్ళ తాతతో, తాత ఈడు వాళ్ళతో గాలి గురించీ నీటి వాలు గురించీ చేపల గురించీ మాట్లాడించి ఫోన్లో రికార్డు చేశాడు. పాత నైలాన్ వలలు కప్పు నుంచి వేలాడదీసి, వాటి మధ్య స్పీకర్లు పెట్టి ఆ మాటలు వినిపించాడు. అదే సమయంలో మాటని అక్షరాల్లోకి మార్చే ఏఐకి ఆ గొంతులు వినిపించి, అది ఏం రాస్తే అది తెర మీద వచ్చేట్టు చేశాడు. తాత "గాలి ఎల్లిపోనాది" అంటే తెర మీద "గాలి ఎల్లి ఫోన్ అది" అని పడుతోంది. తాత మాట్లాడుతూనే ఉన్నాడు, యంత్రం తప్పు రాస్తూనే ఉంది. డెబ్భై ఏళ్ళు సముద్రం మీద బతికిన మనిషికి తెలిసిందంతా, ఆ యంత్రంలోకి వెళ్ళేసరికి చెత్తయిపోతోంది. రేపు తుఫాను హెచ్చరికలూ, బ్యాంకు పనులూ, ఆసుపత్రి చీటీలూ అన్నీ ఈ యంత్రాల చేతుల్లోకి వెళ్తే ఆ తాత గతేంటి? ఆ కుర్రాడు అడిగింది అదీ. నాకు గొంతు పట్టేసింది.

నా పక్కనున్న రిటైర్డ్ మాస్టారు ఒకాయన కళ్ళజోడు సవరించుకుని, "తెలుగులో ఇన్ని తప్పులేంటి బాబూ, పెట్టేముందు ఎవరికైనా చూపించుకోవాలి కదా" అన్నాడు. ఆ కుర్రాడు "అదేనండీ మాస్టారూ..." అని మొదలుపెట్టేలోగా ఆయన సమోసాల వైపు వెళ్ళిపోయాడు. ఒక్క నిమిషం! ఒక్క నిమిషం ఆగితే ఆయన పోయేదేముంది!

ఇంకొకాయన, పెద్ద కంపెనీలో చేస్తాడట, "ఇప్పుడు ఏఐ నిమిషంలో వెయ్యి బొమ్మలు వేస్తోంది కదమ్మా, మీరు ఇంకేదైనా చూసుకోండి" అని సలహా. అయ్యా, కంప్యూటర్‌తో బొమ్మలు వెయ్యడం నిన్నగాక మొన్న పుట్టిందనుకుంటున్నారా? వేరా మోల్నార్ అనే ఆవిడ పారిస్‌లో 1968లోనే కంప్యూటర్‌తో గీతలు గీయించింది. హెరాల్డ్ కోహెన్ మంచి పేరున్న పెయింటర్ అయ్యుండి 1970ల నుంచి ఆరోన్ అనే ప్రోగ్రాముకి బొమ్మలు వెయ్యడం నేర్పిస్తూ బతుకంతా గడిపాడు. సౌగ్వెన్ చుంగ్ రోబో చేతుల పక్కన కూర్చుని వాటితో కలిసి గీస్తుంది. రఫీక్ అనడోల్ ఏఐతో చేసిన పని 2022లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో గోడంత తెర మీద పెట్టారు, జనం గంటలు గంటలు నిలబడి చూశారు. అంత దూరం ఎందుకు, బెంగళూరులో ఏఐతో బొమ్మలు చేసే హర్షిత్ అగ్రవాల్ ఉన్నాడు, ఢిల్లీలో ఆకాశాన్నీ టెలిస్కోపుల్నీ పట్టుకుని పనిచేసే రోహిణి దేవాషర్ ఉంది. వీళ్ళెవరూ యంత్రాన్ని చూసి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. యంత్రంతో తగువు పెట్టుకున్నారు, మాట్లాడారు, దాని తప్పుల్ని బయటపెట్టారు. మన జాలరిపేట కుర్రాడు చేసిందీ అదే. తేడా ఏంటంటే వాళ్ళకి ఎవరూ "వేరే పని చూసుకో" అని చెప్పలేదు, చెప్పినా పక్కన ఇంకో నలుగురు "చెయ్యి" అన్నారు.

అసలు ఇప్పుడు ఈ పని జరగాల్సిన ఊరే మనది. 2025 అక్టోబరులో గూగుల్ మన దగ్గర ఏఐ డేటా సెంటర్లు పెడతామని ప్రకటించింది, ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు. ఊరంతా ఫ్లెక్సీలు. మంచిదే, ఉద్యోగాలు రావాలి, రావద్దని ఎవరన్నారు. కానీ అన్ని యంత్రాలు వేడెక్కితే వాటిని చల్లబరచడానికి ఎన్ని నీళ్ళు కావాలి, ఎంత కరెంటు కావాలి, ఎండాకాలం మన కుళాయిల సంగతేంటి అని మనలో ఎంతమంది ఆలోచించారు? ఎగ్జిబిషన్‌లో ఒక మూల చిన్న పని ఉంది, సర్వర్ నుంచి తీసిన పాత ఫ్యాను ఒకటి, దాని ముందు మట్టి కుండలో నీళ్ళు, ఫ్యాను తిరిగిన కొద్దీ కుండలో నీటి మట్టం తగ్గిన గుర్తులు సుద్దముక్కతో పెట్టారు. అంత పెద్ద విషయాన్ని కుండలో పెట్టి చూపించారు పిల్లలు. దానికీ కరెంటు లేదు స్పీచ్ అయ్యేదాకా.

ఇది చూస్తే నాకు పాత మంట మళ్ళీ రగిలింది. నన్ను ఎప్పట్నుంచో ఫాలో అవుతున్నవాళ్ళకి తెలుసు, తాబేళ్ళ గోడ. మా స్నేహితుడొకడు బీచ్ వైపు ఒక గోడ మీద ఆలివ్ రిడ్లే తాబేళ్ళ బొమ్మ వేశాడు. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా. పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని రాత్రిపూట బయటికొచ్చి వెలుతురున్న వైపు పాకుతాయి. ఒకప్పుడు ఆ వెలుతురు సముద్రం మీద ఉండేది, ఇప్పుడు రోడ్డు మీద లైట్లది. అటు వెళ్ళి చస్తాయి. వాడు బుల్లి తాబేళ్ళన్నిటినీ నిజం వీధిదీపం ఉన్న వైపు తిప్పి వేశాడు. రాత్రి ఆ దీపం వెలిగితే తాబేళ్ళ వీపులు మెరిసేవి. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే ఆడవాళ్ళు ఆగి "అయ్యో, ఇటెందుకు పోతున్నాయి బాబూ?" అని అడిగేవాళ్ళు, వాడు చెప్పేవాడు. అలా అడిగించడానికే వేశాడు వాడు.

ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారని ఊరిని ముస్తాబు చేశారు. రాత్రికి రాత్రి ఆ గోడకి సున్నం కొట్టి, దాని మీద నమస్కారం పెట్టే చేతులు వేసి, స్వాగతం అని రాశారు. వాడికి ఒక ఫోన్ కూడా రాలేదు. వాడిప్పుడు హైదరాబాద్‌లో పెళ్ళి మండపాలకి థర్మకోల్ ఏనుగులు చెక్కుతున్నాడు. డబ్బులు బాగానే వస్తున్నాయి అంటాడు. బొమ్మలు వేస్తున్నావా అంటే మాట మార్చేస్తాడు. ఆ గోడని నేను క్షమించను. ఆ సున్నం బకెట్‌ని క్షమించను. ఆ పనిని సంతకం పెట్టి మంజూరు చేసినవాళ్ళని అస్సలు క్షమించను.

1982లో ఆగ్నెస్ డేనెస్ అనే ఆవిడ న్యూయార్క్‌లో వాల్‌స్ట్రీట్ పక్కన, కోట్ల విలువైన నేలలో, రెండెకరాల్లో గోధుమ పండించింది. కోత కూడా కోసింది. 2015లో వాతావరణ సదస్సు జరుగుతుంటే ఓలాఫర్ ఎలియాసన్ గ్రీన్‌లాండ్ నుంచి పన్నెండు మంచుగడ్డలు తెచ్చి పారిస్ నడిబొడ్డున కరగడానికి వదిలేశాడు. జనం చేత్తో తాకి, చెవి పెట్టి విని, బుగ్గ ఆనించి చూశారు. ఆ ఊళ్ళు వాళ్ళకి చోటిచ్చాయి. మన దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయి, వేల ఏళ్ళ గాలీ సముద్రమూ పేర్చిన దిబ్బలు, జాతీయ భూవారసత్వ స్థలం అని బోర్డు కూడా ఉంది. ఆ దిబ్బల అంచుల మీద తవ్వకాల గురించి ఎన్నిసార్లు గొడవ పడ్డాం! ఆ మట్టి గురించి పనిచేసే పిల్లల్ని ఒక్కసారైనా పిలిచి "చూపించండి" అన్నామా? సెల్ఫీ పాయింట్లకి మాత్రం ప్రతి మలుపులో చోటు దొరుకుతుంది.

కచేరీకి కళాభారతి ఉంది, నాటకానికి గురజాడ కళాక్షేత్రం ఉంది. సంతోషం, ఉండాలి. ఇలాంటి పనికి ఏం కావాలి? ఒక చీకటి గది. నాలుగు గోడలకీ సాకెట్లు. కప్పుకి కొక్కేలు. తాళం చెవి పిల్లల చేతిలో. 2012 డిసెంబరు 12న కొచ్చిలో బియెన్నాలే, అంటే రెండేళ్ళకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన మొదలైంది, ఎక్కడనుకున్నారు? సుగంధ ద్రవ్యాల వ్యాపారం చేసిన పాత కట్టడంలో, ఆస్పిన్‌వాల్ హౌస్‌లో. పాలరాతి హాలు కట్టలేదు, ఉన్నదాన్ని తుడిచి ఇచ్చారు. ఇవాళ అది చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి వస్తున్నారు. మనదీ రేవు పట్నమే. మన వన్‌టౌన్‌లో ఎన్ని పాత గోదాములు తుప్పు పట్టిన తాళాలతో పడున్నాయో అటు వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు.

నా ఫాలోయర్లలో వన్‌టౌన్ వాళ్ళున్నారు, పోర్టు వాళ్ళున్నారు, మిల్లులూ గోడౌన్లూ ఉన్న కుటుంబాల వాళ్ళున్నారు. మీలో ఎవరి దగ్గరైనా ఖాళీగా ఒక గది ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. పెంకులు ఊడిపోయినా పర్లేదు, సున్నం వెయ్యక్కర్లేదు, అసలు వెయ్యకండి. వైరింగ్ చేయించడం, కరెంటు బిల్లు కట్టడం నా బాధ్యత. రిబ్బన్ కత్తిరించడానికి ఎవర్నీ పిలవం. మైకు పెట్టం. ఆ పిల్లతో, ఆ కుర్రాడితో రేపు పొద్దున్నే మాట్లాడతాను, మీ మెసేజ్‌లు రాత్రికే వచ్చేస్తే వాళ్ళకి చెప్పడానికి నాకో మాట ఉంటుంది.