సీస్మిక్ ఉంటే లాగ్ దండగేనా?

మా వేళచ్చేరి అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో మొన్న ఆదివారం ఒక ఫార్వర్డ్ వచ్చింది. "3డీ సీస్మిక్ అంటే భూమికి తీసే స్కానింగ్. ఆయిల్ ఎంత లోతులో ఉందో తెర మీదే కనబడుతుంది. బావిలోకి పరికరాలు దించి లాగ్‌లు తీయడం పాతకాలపు పని, డబ్బు దండగ. అయినా లాగ్ చెప్పేది ఆ జానెడు కన్నం సంగతే కదా" అని. కింద ఎర్రటి మచ్చతో ఒక సీస్మిక్ బొమ్మ. మూడో అంతస్తు అంకుల్ "ఏమయ్యా, నీ ఉద్యోగానికి ఎసరొచ్చిందా?" అన్నారు. సీస్మిక్‌నూ, లాగ్‌నూ (బావిలో లోతు పెరిగే కొద్దీ రాయి గుణాలు ఎలా మారాయో చూపే గీత) జత కలపడమే నా పని కాబట్టి జవాబు రాయక తప్పలేదు.

ముందు లోతు సంగతి. బొమ్మను జూమ్ చేసి పక్కనున్న స్కేలు చూడండి. మీటర్లు కావు, మిల్లీసెకన్లు. నేల మీద నుంచి పంపిన ధ్వని తరంగం కిందికెళ్లి, పొరను తాకి, పైకి రావడానికి పట్టిన సమయం. 2000 మిల్లీసెకన్లంటే, సగటు వేగం సెకనుకు 2500 మీటర్లయితే లోతు 2500 మీటర్లు. 2700 అయితే 2700. సీస్మిక్ ప్రాసెసింగ్‌లో వచ్చే వేగాలు ఉజ్జాయింపువే. బావి దగ్గర లెక్క తేల్చేది చెక్‌షాట్ (తెలిసిన లోతుకు తరంగం చేరే సమయం కొలవడం), సోనిక్ లాగ్ (రాయిలో ధ్వని వేగం కొలిచేది).

ఆయిల్ "కనబడటం" గురించి. సీస్మిక్‌కు ఆయిల్ తెలియదు. పొరకీ పొరకీ మధ్య సాంద్రత, వేగం మారితే అది తెలుస్తుంది. ఇసుకరాయిలో గ్యాస్ చేరితే చాలాసార్లు బొమ్మలో మెరుస్తుంది, నిజమే. కానీ నీళ్లు నిండిన రాయిలో కాస్తంత గ్యాస్ కలిసినా వేగం బాగా పడిపోయి, మెరుపు దాదాపు అలాగే వస్తుంది. బొగ్గు పొరా మెరుస్తుంది. అక్కడ రెసిస్టివిటీ లాగ్ కావాలి: ఉప్పునీరు కరెంటును పోనిస్తుంది, ఆయిల్, గ్యాస్ పోనివ్వవు.

జానెడు కన్నం మాట సగం నిజం. లాగ్ సుమారు 15 సెంటీమీటర్లకో కొలత ఇస్తుంది, కానీ ఆ కన్నం చుట్టుపక్కలే. సీస్మిక్ కిలోమీటర్ల కొద్దీ పరుచుకుంటుంది, కానీ సెకనుకు 3000 మీటర్ల వేగం, 30 హెర్ట్జ్ తరంగం దగ్గర 25 మీటర్లకన్నా పలచని పొర పైఅంచు, కిందిఅంచు విడిగా కనబడవు. అందుకే సోనిక్, డెన్సిటీ లాగ్‌లతో సింథటిక్ అనే నకలు సీస్మిక్ తయారుచేసి అసలుదాని పక్కన పెడతాం. రెండింటి గీతల శిఖరాలు కలిస్తే ఏ మెరుపు ఏ పొరదో తెలుస్తుంది. ఇక ఆ పొరను పట్టుకుని బావి లేని చోటికీ వెళ్లొచ్చు.

లాగ్ కూడా వేదవాక్కేం కాదు. ఒకసారి రెండు రోజులు తంటాలు పడ్డా ఒక శిఖరం కలవలేదు. చివరికి కన్నం వెడల్పు చెప్పే కాలిపర్ గీత చూస్తే, అక్కడ షేల్ (బంకమన్ను రాయి) ఊడిపోయి 8.5 అంగుళాల కన్నం 14 అంగుళాలైంది. డెన్సిటీ పరికరం రాయికి బదులు కన్నంలో నిండిన డ్రిల్లింగ్ బురదను కొలిచింది! ఆ ముక్క సరిచేశాకే అతికింది.

"పాతకాలపు పని" అన్నారు. మొదటి ఎలక్ట్రికల్ లాగ్ 1927లో ఫ్రాన్స్‌లో తీశారు. రిఫ్లెక్షన్ సీస్మిక్ ప్రయోగాలు ఓక్లహోమాలో జరిగింది 1921లో. వయసులో సీస్మిక్కే పెద్దది.

అన్నట్టు, ఆ బొమ్మ మధ్యలో నిలువుగా, వంకరటింకరగా సన్నటి నీలి గీత ఒకటుంది. ఫార్వర్డ్ చేసినవాళ్లు చూసినట్టు లేరు. అది లాగే, అంకుల్.