24 గంటల వెలుతురు, రెట్టింపు మందు: ఒక సలహాకు ఖండన

మట్టి లేకుండా మేడ మీదో, ఖాళీ గదిలోనో ఆకుకూరలు పెంచుకునేవారి మధ్య కొంతకాలంగా ఒక సలహా చేతులు మారుతూ తిరుగుతోంది. మొక్కకు వెలుతురే తిండి కనుక ఎల్ఈడీ దీపాలను రాత్రింబవళ్లు ఆర్పవద్దని, పోషక ద్రావణాన్ని సీసా మీద రాసిన మోతాదుకు రెట్టింపు కలపమని, ఆకు పసుపుబారితే ఇంకో మూత పోయమని, ద్రావణం చిక్కదనాన్ని చూపే మీటరు 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి) చూపితే నిశ్చింతగా ఉండమని దాని సారాంశం. ఈ నాలుగింటిలో ఏదీ చెప్పిన రూపంలో నిలబడదు.

ముందుగా వెలుతురు సంగతి. దీపం ఎన్ని గంటలు వెలిగిందన్నదే కాక, రోజు మొత్తంలో ఆకు మీద ఎంత కాంతి పడిందన్నది లెక్కలోకి వస్తుంది. ఆకుల ఎత్తులో చదరపు మీటరుకు సెకనుకు 250 మైక్రోమోల్ (కాంతి కణాల లెక్కకు కొలత, పది లక్షల మైక్రోమోల్ ఒక మోల్) కాంతి పడుతుంటే 16 గంటల్లో 14.4 మోల్ అందుతుంది. సలాడ్ ఆకుకూర అయిన లెట్యూస్‌కు రోజుకు 12 నుంచి 17 మోల్ సరిపోతుంది. అదే దీపాన్ని ఆర్పకుండా ఉంచితే లెక్క 21.6కు చేరుతుంది, గాలి ఆడని గదిలో లేత ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి మాడడం మొదలవుతుంది. తక్కువ తీవ్రత గల కాంతిలో లెట్యూస్ 24 గంటల వెలుతురును తట్టుకోగలదన్నది నిజమే కాని, దాన్ని ప్రతి పంటకూ వర్తింపజేయడం పొరపాటు. ఆగని వెలుతురులో టమాటా ఆకులు ఈనెల మధ్య పసుపుబారి దెబ్బతింటాయని దాదాపు వందేళ్లుగా తెలుసు. కొన్ని అడవి టమాటాలకు దాన్ని తట్టుకునే గుణం ఉందని, దానితో ముడిపడిన జన్యువు ఫలానాదని నెదర్లాండ్స్‌లోని వాగనింగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రకటించారు. మామూలు టమాటాకే ఆ శక్తి ఉంటే అడవి జాతుల్లో వెతకవలసిన పని ఉండేది కాదు.

కొత్తిమీర కథ వేరు. దానికి పగటి నిడివి తిండి మాత్రమే కాదు, పూతకు సంకేతం కూడా. హైదరాబాదులో ఏడాదిలోకెల్లా పెద్ద పగలు సైతం 13 గంటల పైచిలుకే ఉంటుంది. నేను ఒకసారి లెట్యూస్‌తో పాటు కొత్తిమీరను కూడా 18 గంటల టైమరు కింద ఉంచాను. వెడల్పాటి ఆకులు రావలసిన చోట సన్నని కాడ లేచి, పై ఆకులు సోపు ఆకుల్లా దారాలుగా చీలి, కోతకు అందకుండానే మొగ్గ కట్టింది. వెలుతురుకు లోటు లేదు, కూరకు మాత్రం ఆకు లేదు.

రెట్టింపు మోతాదు అంతకంటే ప్రమాదకరం. ద్రావణంలో లవణాలు పెరిగేకొద్దీ వేరుకు నీరు లాగడం కష్టమవుతుంది. చుట్టూ నీరున్నా మొక్క మధ్యాహ్నానికి వాడిపోవడానికి ఇదొక కారణం. లెట్యూస్‌కు ఈసీ (ద్రావణంలో లవణాలు ఎంత ఉన్నాయో చెప్పే విద్యుత్ వాహకత) 1.2 నుంచి 1.8 మిల్లీసీమెన్స్ మధ్య ఉంటే మేలు, కాయ మీదున్న టమాటాకు 2 నుంచి 3.5 వరకు ఇవ్వవచ్చు. ఎంత కావాలో సీసా కంటే ట్యాంకే బాగా చెబుతుంది. ఉదయం 1.6 ఉన్న ఈసీ సాయంత్రానికి 1.9 అయితే మొక్క పోషకాల కంటే నీటినే ఎక్కువగా తాగిందని అర్థం, అప్పుడు పోయవలసింది మంచినీరే. 1.3కు దిగితే పోషకం కలపాలి. నీటి మట్టం తగ్గుతూ ఈసీ కదలకపోతే అదే పాళ్లలో కలిపిన ద్రావణంతో ట్యాంకు నింపాలి. ఎండాకాలం మన మేడల మీద మొదటి స్థితే ఎక్కువగా కనబడుతుంది, సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ సలహా ఇంకా చిక్కగా కలపమంటుంది.

నీటి సాగు పేరిట అతిశయోక్తులు కొత్తవి కావు. 1930ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మట్టి లేని సాగును ప్రచారం చేసిన శాస్త్రవేత్త గెరికె ప్రయోగాల చుట్టూ ఇలాంటి ఆశలే పెరిగితే, అదే విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్తలు హోగ్లండ్, ఆర్నన్ 1938లో మంచి నేలలో వచ్చే దిగుబడి కంటే ఇది గొప్పదేమీ కాదని తేల్చారు. నేడు అందరూ వాడే ద్రావణాల్లో చాలావాటికి మూలం వారి సూత్రమే.

పసుపుబారిన ఆకుకు ఇంకో మూత పోయాలన్న మాట రోగం చూడకుండా మందు రాయడమే. కింది ముదురు ఆకులు పసుపైతే నత్రజని లోపాన్ని అనుమానించవచ్చు. ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకు పాలిపోతే ఇనుము అందడం లేదు, చాలాసార్లు ట్యాంకులో ఇనుము ఉండి కూడా. బైకార్బొనేట్లు ఎక్కువగా ఉన్న బోరు నీటిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దాటి వేరుకు ఇనుము చిక్కదు, పీహెచ్‌ను 5.5–6.5 మధ్యకు దించడమే వైద్యం. అంచులు మాడిన లెట్యూస్‌కూ ఇంతే: ఆ మాడు కాల్షియం అందకపోవడం వల్ల. అది నీటితో పాటు ఆకుకు చేరుతుంది, గాలి ఆడితేనే ఆకు నీటిని బాగా లాగుతుంది కనుక, అక్కడ పనికొచ్చేది చిన్న ఫ్యానుగాలి. తొందరలో రెండు సీసాల్లో వేరువేరుగా అమ్మే ఏ, బి పోషక ద్రావణాలను నీటిలో పలచన చేయకుండా నేరుగా కలిపితే అడుగున తెల్లని మడ్డి పేరుకుంటుంది. ఫాస్ఫేట్, సల్ఫేట్‌లతో కాల్షియం ముద్దగట్టి వేరుకు అందకుండా పోతుంది.

ఇక 1000 పీపీఎం. ఈ మీటర్లు నిజానికి కొలిచేది విద్యుత్ వాహకతనే. దాన్ని ఒక రకం మీటరు 500తో, మరో రకం 700తో హెచ్చించి పీపీఎంగా చూపుతుంది. కాబట్టి ఒకరి 1000 అంటే ఈసీ 2.0, మరొకరి 1000 అంటే 1.4. పైగా బోరు నీటిలో ఏమీ కలపకముందే ఈసీ 0.8 ఉంటే, ఆ అంకెలో చాలా భాగం పోషకమే కాదు.