బెంగకు పీఎన్ఆర్ నంబరు

ఈ వాక్యం రాస్తున్న సమయానికి ఈ వ్యాసకర్త ఇంటిబెంగ 31 దగ్గర ఉంది. నిన్న ఈ వేళకు అది 38, టికెట్టు తీసుకున్న రోజున 63. దసరా సెలవులకు హైదరాబాదు నుంచి పాలకొల్లు వెళ్లడానికి నర్సాపురం ఎక్స్‌ప్రెస్ స్లీపరు తరగతిలో నాకు దక్కిన వెయిటింగ్ లిస్టు సంఖ్య అది. బెంగను వెయిటింగ్ లిస్టుతో కొలవడమేమిటని పాఠకులు నవ్వవచ్చు. జ్వరానికి థర్మామీటరు, వానకు మిల్లీమీటర్లు ఉన్న దేశంలో, ఇంజనీరింగు మొదటి సంవత్సరం కుర్రాడు ఇల్లు విడిచాక తొలిసారి తిరిగి వెళ్లడానికి ఎంతగా కొట్టుకుంటున్నాడో కొలిచే సాధనం ఇంకేదైనా ఉంటే చెప్పండి, వాడతాను.

నోటితో చెప్పుకోవచ్చు కదా అంటారా, మా ఇంట్లో ఆ సౌకర్యం లేదు. మా గోదావరి జిల్లాల్లో వెటకారానికి ఉన్నన్ని మాటలు ఆప్యాయతకు లేవు, ఉన్న నాలుగూ పెళ్లి శుభలేఖల్లో అచ్చు వేయించుకోవడానికే సరిపోతాయి. "నువ్వు లేక ఇల్లు బోసిగా ఉందిరా" అని మా నాన్న ఎవరితోనైనా అన్నట్టు ఇంతవరకు ఆధారాలు దొరకలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను చేస్తారు. "ఎంతకొచ్చింది?" అంటారు. "ముప్పై ఎనిమిది" అంటాను. "నిన్నెంత?" అంటారు. "నలభై రెండు" అంటాను. "ఊఁ, కదులుతోంది" అని ఫోను అమ్మకు ఇస్తారు. వన్డే మ్యాచి స్కోరు కనుక్కున్నట్టుండే ఈ సంభాషణ మా ఇంటికి సంబంధించినంతవరకు గాఢమైన భావోద్వేగ ప్రకటన కిందే లెక్క.

అమ్మ పద్ధతి వేరు. ఆవిడ "ఏం కూర?" అని అడుగుతుంది. సాంబారు అని చెప్పాను ఒకరోజు. "సాంబారు కూర ఎలా అవుతుందిరా?" అని నిలదీసింది. ఆ ప్రశ్నకు మా హాస్టలు మెస్సు దగ్గర గానీ, నేను చదువుతున్న సాంకేతిక విద్యలో గానీ ఇప్పటివరకు సమాధానం దొరకలేదు.

ఈ 63 అనే సంఖ్య ఎలా పుట్టిందో కూడా చెప్పడం న్యాయం. రైల్వే శాఖ 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. ఇందుకు విద్యార్థి లోకం తరఫున ధన్యవాదాలు చెప్పుకోవాలి. పాత గడువే ఉండి ఉంటే, నేను ఇంటిమీద బెంగ పెట్టుకొని టికెట్టు తీయవలసిన తేదీనాటికి ఏ కాలేజీ నుంచి రావాలో కౌన్సెలింగులో ఇంకా తేలి ఉండేది కాదు. కొత్త గడువు ప్రకారమైనా, నేను ట్రంకుపెట్టెకు తాళంకప్ప కొనుక్కుంటున్న వారంలోనే తిరుగు ప్రయాణానికి ఉదయం ఎనిమిది గంటలకు ఫోను ముందు కూర్చోవాలి, అంటే ఇంకా వెళ్లని చోటు నుంచి ఇంకా వదలని ఇంటికి తిరిగి రావాలని తహతహలాడాలి. రైల్వే వారు మనిషి మనసును ఇంత ముందుచూపుతో అర్థం చేసుకున్నారని నేను గ్రహించలేకపోయాను. ఆ వారంలో నాన్న "దసరాకి టికెట్టు ఇప్పుడే తీసేయనా?" అని అడిగారు. అప్పటికి నేను ఇల్లు, ఊరు, గోదావరి, అన్నీ చాలించుకొని మహానగరానికి వెళ్లబోతున్న స్వతంత్రుణ్ణి కనుక, "అప్పుడు చూద్దాంలెండి, క్లాసులుంటాయేమో" అన్నాను. ఆ ఒక్క జవాబు ఖరీదు అరవై మూడు.

బెంగ అందరికీ సమానంగా పంపిణీ కాలేదన్న సంగతి కాలేజీకి వచ్చాకే తెలిసింది. నా గదిలో ముగ్గురు మిత్రులున్నారు. ముగ్గురూ ఇంటర్మీడియట్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివినవారే. స్టడీ అవర్లు, వీకెండు పరీక్షలు, తల్లిదండ్రులు గేటు దగ్గర క్యారియరుతో ఎదురుచూసే ఆదివారాలు, ఇవన్నీ దాటి వచ్చినవారు కావడంతో, వారికి బెంగ అనేది మొదటి సంవత్సరం సిలబస్‌తో పాటే పూర్తయిపోయింది, రివిజను కూడా అయింది. పాలకొల్లులో ఇంట్లోంచే కాలేజీకి వెళ్లి వచ్చిన నేను ఈ విషయంలో బాగా వెనుకబడిన విద్యార్థిని. రాత్రిపూట నేను ఊరికే కిటికీలోంచి చూస్తుంటే, "మావా, దానికి షార్ట్‌కట్ లేదు, మూడు నెలలకి అదే సెట్టవుద్ది" అని పక్క మంచం మీది మిత్రుడు ధైర్యం చెబుతాడు. పదహారేళ్ల వయసులోనే ఈ విద్యలో ఇంత పాండిత్యం సంపాదించిన తరం మరే రాష్ట్రంలోనైనా ఉందేమో నాకు తెలియదు కానీ, దీనికి కూడా ర్యాంకులు ప్రకటించి దినపత్రికల మొదటి పేజీలో ఫొటోలు వేయకపోవడం మాత్రం అన్యాయం.

మరోవైపు నల్లగొండ నుంచి వచ్చిన సహాధ్యాయిని పరిస్థితి చూడండి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవారికి ఆర్టీసీ ప్రయాణం ఉచితం కావడంతో, ఆ అమ్మాయి శనివారం మధ్యాహ్నం ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకొని ఇంటికి వెళ్లి, సోమవారం ఉదయం సకినాల డబ్బాతో క్లాసులో ఉంటుంది. ఆమెకు బెంగ ముదిరే అవకాశమే ప్రభుత్వం ఇవ్వలేదు. నాలాంటి పురుషుడు, అందులోనూ పొరుగు రాష్ట్రం వాడు, పండగ స్పెషల్ బస్సెక్కితే ఒకటిన్నర రెట్ల వరకు చార్జీ కట్టాలి. బస్సు తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుందట, అందుకట. అంటే నా టికెట్టులో మూడో వంతు ఆ బస్సు ఒంటరితనానికి పరిహారమన్నమాట. నేను ఒంటరిగా ఉన్న రెండు నెలలకు ఎవరు ఎంత కట్టాలో ఏ జీవోలోనూ కనబడలేదు. ప్రైవేటు బస్సుల గురించి ఇక్కడ రాయను, చదివే తల్లిదండ్రుల్లో బీపీ ఉన్నవారు ఉండవచ్చు.

టికెట్టు ఖరారైనా హాస్టలు దాటడానికి అవుట్‌పాస్ కావాలి. అందుకో రిజిస్టరు ఉంది. పేరు, గది నంబరు, వెళ్లే తేదీ, వచ్చే తేదీ, తండ్రి ఫోను నంబరు, చివర "కారణం" అనే గడి. నాకు ముందు రాసినవారంతా ఆ గడిలో "పండగ" అని రాశారు, ఒకరు "అన్నయ్య పెళ్లి చూపులు" అని రాశారు. నేను "ఇల్లు" అని రాశాను. అది కారణం కాదని, గమ్యమని, గమ్యానికి వేరే గడి ఉందని వార్డెన్ గారు నాకు తర్కశాస్త్రం బోధించి, దాన్ని కొట్టేయించి "పండగ" అని రాయించారు. హాజరు 75 శాతానికి తగ్గితే ఏ పండగా కాపాడదని కూడా హెచ్చరించారు.

ఇక అసలు సంక్షోభం ఆవకాయది. అమ్మ వేసవిలో పెట్టిన ఆవకాయను హార్లిక్స్ సీసాలో కూరి, మూత మీద పాలిథిన్ కవరు వేసి, దాని మీద రబ్బరుబ్యాండు వేసి ఇచ్చింది. దసరా దాకా రావాలన్న లెక్కతో ఇచ్చింది కానీ, గదిలో మిగిలిన ముగ్గురి చేతివాటాన్ని ఆ లెక్కలో కలపలేదు. గత ఆదివారానికి సీసాలో అడుగున వేలెడు ఎర్రటి నూనె, గాజుకు అంటుకున్న మెంతిగింజలు, పీచు తేలిన రెండు టెంకలు మిగిలాయి. మెస్సు నుంచి గిన్నెలో వేడన్నం తెచ్చి, ఆ సీసాలోనే వేసి, స్పూను కాడతో గోడలు గీకి, మూత బిగించి గిలకొట్టాను. జాడీ ఖాళీ అయిన రోజున అమ్మ మాకు అందులోనే అన్నం కలిపి తలో ముద్దా పెట్టేది. జాడీలోకి చెయ్యి పడుతుంది, సీసాలోకి పట్టదు, తేడా అంతే. ఒక మెతుకు కూడా వదలకుండా తిని తలెత్తి చూస్తే, షార్ట్‌కట్ లేదన్న మిత్రుడే గిన్నె పట్టుకొని వెనక నిలబడి ఉన్నాడు. "అయిపోయిందా?" అన్నాడు. బెంగను రివిజనుతో సహా పూర్తి చేసినవాడి గొంతులా అనిపించలేదు.

ఇంటి దగ్గర ఏర్పాట్లు కూడా అనుకూలంగా ఏమీ లేవు. ఫ్యాను కింది నా మంచాన్ని మా చెల్లి నేను బయల్దేరిన రాత్రే స్వాధీనం చేసుకుంది. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం నిర్వాసితుడికి ముందు నోటీసు, తగిన పరిహారం, పునరావాసం, అన్నీ ఉండాలి. నాకు మూడో అంశం కింద హాల్లో చాప ప్రతిపాదించారు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ "ఎంత చిక్కిపోయావురా" అనాలి. ఆ వాక్యం ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంది, దానికి అనుబంధంగా దిబ్బరొట్టె, చెరకు పానకం, గోంగూర రొయ్యలు, రెండో రోజుకు మాగిన చేపల పులుసు వరసగా మంజూరై ఉన్నాయి. అయితే మెస్సు భోజనం నచ్చని కారణంగా క్యాంటీను ఎగ్ పఫ్‌ల మీద బతికిన నేను రెండు నెలల్లో రెండు కిలోలు పెరిగాను. కన్నతల్లి మాట అబద్ధం కాకూడదన్న ఏకైక సంకల్పంతో ప్రస్తుతం సాయంత్రాలు గ్రౌండు చుట్టూ పరిగెత్తుతున్నాను.

రైలు ఆకివీడు దాటేసరికి తెల్లవారుతుంది. రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటాయి, తెరిచిన కిటికీలోంచి ఆ నీచువాసన లోపలికి కొడుతుంది. ఎన్నోసార్లు ముక్కు మూసుకున్న వాసన అది. ఈసారి ముక్కు మూసుకోకూడదని తీర్మానించుకున్నాను. నిద్రపట్టేసి పాలకొల్లులో దిగలేకపోయినా పెద్ద ప్రమాదం లేదు, తర్వాత వచ్చే నర్సాపురంలో ఎలాగూ పట్టాలు అయిపోతాయి, ఆపైన గోదావరే.

నిన్న చెల్లి వీడియో కాలులో, తన ఆక్రమణను గర్వంగా చూపిస్తూ ఫోను గది చుట్టూ తిప్పింది. గోడ మీద క్యాలెండరు కనబడింది. గ్యాసు బుక్ చేసిన తేదీకి చుట్టిన సున్నా, పాలవాడి నాగాలకు పెట్టిన ఇంటూ గుర్తులు, వాటి కింద దసరా గడిలో బాల్‌పెన్నుతో దిద్ది దిద్ది రాసిన పది అంకెలు. అది ఎవరి ఫోను నంబరని అడిగాను. "నీ టికెట్టుదే. నాన్న పొద్దున్న పాలు రాగానే ఒకసారి, పడుకునేముందు ఒకసారి చూసుకుంటారు" అంది.

అందువల్ల ఈ రాత్రి ఎనిమిదిన్నరకు పరిశోధన నిమిత్తం ఒక చిన్న ప్రయోగం చేశాను.

"ఎంతకొచ్చింది?" అన్నారు నాన్న.

"ముప్పై అయిదు" అన్నాను.

"ముప్పై ఒకటి కదరా!"

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. వెనక మిక్సీ తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"సరే, అమ్మకిస్తున్నా" అన్నారు.