చీమల గూట్లో కాపురం

వడ్రంగి పిట్టలన్నీ చెట్టు మానును తొలిచే గూడు చేసుకుంటాయని సాధారణంగా అంటారు గానీ, ఇటుకరంగు వడ్రంగి పిట్ట మాత్రం ఆ లెక్కలోకి రాదు. సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే ఈ అడవి పక్షికి రెక్కల మీదా తోక మీదా నల్లని అడ్డచారలుంటాయి. మగదానికి కంటి కింద చిన్న ఎర్రమచ్చ అదనం. క్రిమటోగాస్టర్ అనే రకం చీమలు నమిలిన మొక్కల పీచుతో కొమ్మలపై కట్టుకున్న గుండ్రని గూటిని, అవి లోపల తిరుగుతుండగానే తొలిచి, ఇది అందులోనే గుడ్లు పెడుతుంది. తమను తినే పక్షిని ఆ చీమలు ఇంట్లో ఉండనివ్వడమే అసలు వింత. కొన్నిసార్లు దీని తోక ఈకలకు జిగురూ, దానికి అతుక్కున్న చీమల తలలూ కనిపిస్తాయి. మానుపై ముక్కుతో వేసే దరువు వేగంగా మొదలై, ఆగిపోబోయే మోటారులా నెమ్మదిస్తుంది గనుక, ఆకుల చాటున ఉన్నా దీన్ని చెవితోనే పోల్చుకోవచ్చు.