‘కాస్త పక్కకి’ అంటే ఎన్ని టిప్పర్లు?

చేబ్రోలు వైపు గ్రావెల్ క్వారీల గురించి ఎవరైనా నోరెత్తితే చాలు, గుంటూరు, విజయవాడ వాట్సాప్ గ్రూపులన్నిట్లో అదే మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. “హద్దు కాస్త దాటితే దోపిడీయా? అది సర్వే తేడా. రాయల్టీ కట్టాక ఎక్కడ తవ్వితే ఏంటి? పక్కది పోరంబోకే కదా. గుంట నిండితే ఊరికి చెరువు. అభివృద్ధికి అడ్డుపడకండి.” చివర జెండా, రెండు దణ్ణాల బొమ్మలు. పంపేదంతా చదువుకున్నవాళ్లే.

ముందు ఆ ‘కాస్త’ సంగతి చూద్దాం. హెక్టారు లీజు, 100 మీటర్లకి 100 అనుకోండి. ఒక్క వైపు 5 మీటర్లు జరిగారు, లోతు 6 మీటర్లు. అంటే 3,000 ఘనపు మీటర్లు. పొక్లెయిన్ బకెట్ పడి మట్టి వదులయ్యాక ఐదో వంతు పెరిగి 3,600 అవుతుంది. టిప్పర్‌కి 12 చొప్పున 300 ట్రిప్పులు. నాలుగు వైపులా అంతే జరిగితే 1,260 ట్రిప్పులు, 52 సెంట్ల నేల. కాస్తే!

సర్వే తేడా అంటారా? మైనింగ్ ప్లాన్‌లో హద్దు లోపలే చుట్టూ 7.5 మీటర్ల పట్టీ ముట్టుకోకుండా వదలాలి. అంటే బయటికి 5 మీటర్లు పోయినవాడు తప్పింది 12.5 మీటర్లు. ఆరుబయట ఫోన్ జీపీఎస్ కూడా అంత తప్పు చూపించదు. పైగా ఈ తేడా ఎప్పుడూ గ్రావెల్ పొర మందంగా ఉన్న వైపే వస్తుంది. నల్లరేగడి వైపు ఒక్కసారీ రాదేం?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పాత గొలుసు కొలతల ఎఫ్‌ఎంబీకీ (సర్వే శాఖ పొలం కొలతల పుస్తకం) ఇప్పటి డీజీపీఎస్ ఉపగ్రహ కొలతకీ అక్కడక్కడా పొంతన కుదరదు. ట్రాక్టర్ తగిలి హద్దురాయి జరగడమూ ఉన్నదే. మీటరు, రెండు మీటర్ల తేడాకి ప్రతి లీజుదారునీ దొంగ అనడం అన్యాయం.

రాయల్టీ సంగతి. అది పర్మిట్ ఇచ్చిన చోట, ఇచ్చిన పరిమాణానికి ప్రభుత్వానికి కట్టేది. బయట తవ్విన దానికి గనులు, ఖనిజాల (ఎంఎండీఆర్) చట్టం సెక్షన్ 21(5) కింద ఖనిజం విలువ మొత్తం రాబట్టవచ్చు. ఒడిశా గనుల కేసులో ఆ సెక్షన్ లీజు బయట తవ్వినవాళ్లకే వర్తిస్తుందని కంపెనీలు వాదించాయి. లోపల అక్రమంగా తవ్వినా వర్తిస్తుందని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. బయట తవ్వితే వర్తించదని ఆ కంపెనీలకే అనడానికి నోరు రాలేదు, మన వాట్సాప్‌కి వచ్చింది.

పోరంబోకు ఎవరిదీ కాదట. ప్రభుత్వానిది, పశువుల మేతకి ఊరు వాడుకునేది. ముందుకు పోదాం.

ఇక చెరువు. మనుషుల్ని చంపే మాట ఇది. నీళ్లు కొంత ఇంకుతాయి, నిజమే. కానీ చెరువుకి లోపలి వాలు ఉంటుంది, గేదె దిగి నీళ్లు తాగి తిరిగి ఎక్కొస్తుంది. గట్టు, తూము, అలుగు ఉంటాయి. గ్రావెల్ గుంటకి ఉండేది నిట్టనిలువు గోడ. మొదటి అడుగు వేస్తేనే ఇరవై అడుగుల లోతు. గోడ మీది పొక్లెయిన్ పళ్ల గాట్లు ఎండలో మెట్లలా గట్టిగా కనపడతాయి, తడిశాక పట్టుకుంటే గుప్పెట్లోకే రాలిపోతాయి. ఈత వచ్చిన పిల్లాడికీ పైకి రావడానికి పట్టు దొరకదు.

1961 నాటి గనుల రెగ్యులేషన్స్‌లో 106వది ఇందుకే ఉంది. గ్రావెల్, మొరం లాంటి నేలలో పక్కలు 45 డిగ్రీలు మించకుండా వాలుగా కోయాలి. లేదా మెట్లుగా కోయాలి: మెట్టు ఎత్తు 1.5 మీటర్లు మించకూడదు, వెడల్పు ఎత్తు కన్నా తగ్గకూడదు. వాలుగా 6 మీటర్లు తవ్వితే అడుగు అంచు పై అంచుకి కనీసం 6 మీటర్లు లోపలికి ఉండాలన్నమాట. ఆ మేర సరుకు వదులుకోవాలి, అందుకే ఎవరూ వదలరు.

వదలకపోతే నేలే తన వాలు తను చూసుకుంటుంది. వానల్లో ముందు పక్క చేలో, అంచుకి సమాంతరంగా నెర్రె పడుతుంది. రైతు ఎండకి బీటలనుకుంటాడు. తర్వాత ఓ రాత్రి గోడ జారుతుంది. గోడ 45 డిగ్రీలకి సర్దుకునేసరికి, కూలిన మట్టి అడుగునే ఆగితే అంచు 3 మీటర్లు వెనక్కి పోతుంది. ఆ మట్టినీ టిప్పర్‌కెత్తితే 6. హద్దు దగ్గర బుద్ధిగా ఆగినవాడు కూడా నిలువుగా కోస్తే పక్కవాడి చేను తిన్నట్టే. గుంట మధ్య మట్టిదిబ్బ మీద ఒంటరిగా నిలబడ్డ కరెంటు స్తంభం చూశారా? దాని కిందది మాత్రం భలే కచ్చితంగా కొలిచి వదిలారు!

అభివృద్ధి అంటారా, నల్లరేగడి మీద గ్రావెల్ పరవకుండా రోడ్డూ నిలవదు, ఇంటి మెరకా నిలవదు. తవ్వొద్దని ఎవరన్నారు? ఈసారి ఫార్వర్డ్ చేసేటప్పుడు ఆ క్వారీ సర్వే నంబరు, హద్దురాళ్ల జీపీఎస్ అంకెలు కూడా పెట్టండి. టేపు మేమే తెచ్చుకుంటాం.